నట్టనడుమ చుక్క

నా డాక్టరేటు సమర్థన సభకు ముందురోజు పొద్దున మా అమ్మ కోసం బొమ్మలు సర్దుకుంటున్నాను. మా విశ్వవిద్యాలయంలో అదొక ఆనవాయితీ. పండితులు నల్ల గౌన్లలో వచ్చి ప్రశ్నలతో మీద పడకముందు, డాక్టరేటు కోరే మనిషి తన పని గురించి ఇంటివాళ్ళకు అర్థమయ్యే మాటల్లో కాసేపు చెప్పాలి. మా అమ్మ మెప్పెల్ అనే చిన్న ఊళ్ళో జున్ను కొట్టు నడుపుతుంది. ఐదేళ్ళుగా నన్ను ఒకటే అడుగుతోంది: "ఆ చుక్కని చూడ్డానికి ఇంతమంది ఎందుకే ఆఫ్కె, ఒకళ్ళు చూసి మిగతావాళ్ళకి చెప్పకూడదూ?"

ఆ చుక్కనే తెర మీద పెట్టాను. నల్లటి బొమ్మ, అందులో ఒకే ఒక్క తెల్ల చుక్క. బొమ్మను సర్దుదామని పట్టుకోగానే దాని నడుమ ఎక్కడో చూపించడానికి కంప్యూటర్ రెండు పసుపు గీతలు గీసింది, ఒకటి నిలువు, ఒకటి అడ్డం. రెండూ సరిగ్గా చుక్క మీదే కలిశాయి.

అంటే చుక్క బొమ్మకు నట్టనడుమ ఉంది. అది అక్కడ ఉండకూడదు.

నేను పుట్టు పిరికిదాన్ని. సైకిల్ తాళం వేశాక వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూసే రకం. పడవల కోసం కాలువ మీద వంతెన ఎత్తుతుంటే అది ఎక్కడ నా నెత్తిన పడుతుందోనని రెండు బారలు దూరంగా నిలబడే రకం. భయాలు నాకు కొత్త కాదు. కానీ ఇది వేరు. బొమ్మను తీసేసి మళ్ళీ పెట్టాను. గీతలు మళ్ళీ చుక్క మీదే కలిశాయి.

మేము వినేది న్యూట్రాన్ తారల్ని. పెద్ద నక్షత్రం చచ్చిపోయి, కుంచించుకుపోయి, ఒక ఊరంత ముద్దగా మిగిలితే అది న్యూట్రాన్ తార. కొన్నిటికి పక్కనే బతికున్న జోడు ఉంటుంది. దాని ఒంట్లోంచి లాక్కుని తింటూ ఉంటాయి. తిండి ఎక్కువైనప్పుడు ఎక్స్ కిరణాలతో భగ్గుమంటాయి. కొన్నయితే తిన్నదాంట్లో కొంత దూరంగా చిమ్ముతాయి. ఆ చిమ్మిందే మాకు రేడియోలో వినబడుతుంది. అయస్కాంత బలం మరీ ఎక్కువగా ఉన్నవాటికి అలా చిమ్మడం చేతకాదని చాలాకాలం అందరూ అనుకున్నారు. అలాంటి ఒకదానికి మా జట్టులో పెట్టుకున్న పేరు 'మూగది'. అది భగ్గుమనడమే అరుదు. పోయిన చలికాలంలో భగ్గుమంది. విన్నాం. పలికింది. ఆ తెల్ల చుక్కే దాని గొంతు. నా గ్రంథంలో నాలుగో అధ్యాయమంతా ఆ గొంతు గురించే. పత్రికల్లో వచ్చింది, అమ్మ కొట్టులో జున్ను ముక్కల పక్కన ఆ పేజీ అతికించి ఉంది.

అయితే మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. రేడియో టెలిస్కోపు పళ్ళాలను తార మీదికి సూటిగా గురిపెట్టం. గోరంత పక్కకు జరిపి పెడతాం. యంత్రానికి తన చప్పుడు తనకే వినబడే జబ్బు ఉంది, ఫోన్లో మన మాట మనకే తిరిగి వినిపించినట్టు. ఆ చప్పుడు ఆకాశంతో పాటు తిరగదు గనక, పోయి పోయి బొమ్మకు నట్టనడుమ చుక్కై కూర్చుంటుంది. అచ్చం తారలాగే ఉంటుంది. గురి పక్కకు జరిపితే గొడవే లేదు. నడుమ ఉన్నది యంత్రం, పక్కన ఉన్నది తార. నడుమ చుక్కను చెత్త కింద తుడిచేసి మన పని మనం చూసుకుంటాం.

మరి తారనే నడుమ పెట్టుకుంటే?

ఆ గురి పెట్టింది మా గురువుగారు రూలోఫ్. ఆయన పుట్టినరోజు నాడు. మా వైపు పుట్టినరోజంటే అందరం గోడల వెంట కుర్చీలేసుకుని గుండ్రంగా కూర్చుంటాం, ఒళ్ళో ప్లేటు, ప్లేట్లో ఒక్క కేకు ముక్క. పుట్టినవాడికే కాదు, వాళ్ళావిడకీ పక్కింటివాళ్ళకీ కూడా శుభాకాంక్షలు చెప్పాలి. ఆ గుండ్రంలో ఉండగానే ఎక్స్ కిరణాలు కనిపెట్టే ఉపగ్రహం నుంచి కబురు వచ్చింది: మూగది భగ్గుమంది. ఆయన కేకు ప్లేటు కుర్చీలో పెట్టి వంటగదిలోకి పరిగెత్తారు. ఇరవై ఆరేళ్ళుగా దాని కోసం కాచుకుని ఉన్న మనిషి. ఫ్రిజ్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకున్నారు. తార ఉన్న చోటు అంకెలు నేను పైకి చదివాను, ఆయన కొట్టారు. నవ్వుతున్నారు. తరువాత తిరిగొచ్చి ఆ కేకు మీదే కూర్చున్నారు.

"పక్కకు జరిపారా?" అని నేను అడగలేదు. ఆ కట్టుబాటు మాకందరికీ నేర్పిందే ఆయన. ఆయన్ని అడిగేదెవరు?

గోడకు ఆనుకుని కూర్చుని ఆలోచిస్తే అంతా అర్థమైంది. పాత టెలిస్కోపుకు ప్రోగ్రాం రాసింది ఆయనే. మనం సూటిగా అంకెలు ఇచ్చినా అది తనంతట తనే గోరంత జరుపుకునేది. ముప్పై ఏళ్ళు అలాగే జరిగింది. ఆ ఏడాదే కొత్త యంత్రం పెట్టారు. కొత్తది చెప్పినచోటికే చూస్తుంది. ఆయన వేళ్ళు పాత అలవాటు మీద నడిచాయి.

హార్మెన్ గదికి వెళ్ళాను. రేపు సభలో నాకు తోడు నిలబడేవాడు వాడే. కోటు తోకలు వేలాడే నల్ల సూటు అద్దెకు తెచ్చుకుని, అది తొడుక్కుని అద్దం ముందు ఉన్నాడు.

"ఎలా ఉన్నానే? శవపేటిక మోసేవాడిలా లేనూ?"

"తలుపు వెయ్యి."

"ఏమైంది? మొహమంతా సున్నం కొట్టినట్టుంది."

బొమ్మ చూపించాను. గీతలు చూపించాను. వాడు టెలిస్కోపు మనిషి, వివరించనక్కర్లేదు. సూటుతోనే కుర్చీలో కూలబడ్డాడు.

"జరపలేదా?"

"లేదు."

"ముసలాయనే?"

"ఆయనే. ఒరేయ్, ఇది యంత్రం చుక్క అయితే నా గతేంటి?"

"అరవకు. కాకపోవచ్చు కూడా. ఆ నడుమ చుక్క రోజూ రాదు. కొన్నాళ్ళు వస్తుంది, కొన్నాళ్ళు రాదు."

"వచ్చి ఉంటే?"

"ఉంటే... నీ నాలుగో అధ్యాయం మా తాత కట్టుడు పళ్ళ కథ. నోట్లో ఉన్నాయనుకుని నవ్వాడు పాపం."

"నవ్వించకు."

సమర్థన రోజున డాక్టరేటు ఆపేయడం మా దగ్గర దాదాపు జరగదు. ఆ 'దాదాపు'లోనే నా ప్రాణం ఇరుక్కుంది. డాక్టరేటు పోతే పోయింది, లేని గొంతు విన్నానని లోకానికి చాటుకున్న పిల్లగా మిగిలిపోతాను. రూలోఫ్ గారు ఇరవై ఆరేళ్ళు ఎదురుచూసి తన యంత్రం గురకనే విని మురిసిపోయినవాడిగా మిగిలిపోతారు. ఆ రెండోది తలుచుకుంటేనే ఎక్కువ భయమేసింది.

హార్మెన్ ఒక ఉపాయం చెప్పాడు. మూగది ఇంకా పూర్తిగా ఆరలేదు, కొన ఊపిరితో ఎక్స్ కిరణాలు వస్తూనే ఉన్నాయి. రేపు పొద్దున యంత్రం పరీక్షకని వాడికి కాస్త సమయం ఉంది. దాన్ని మూగది మీదికి తిప్పుతాడు, ఈసారి పక్కకు జరిపి. చుక్క పక్కకు కదిలితే అది తార. నడుమనే కూర్చుంటే యంత్రం.

"బొమ్మ ఎప్పటికి తయారవుతుంది?"

"మధ్యాహ్నం. నువ్వు సభలో నిలబడి ఉండగా. కంప్యూటరే నా ఫోన్‌కి పంపుతుంది."

"సభలో ఫోన్ చూడకూడదు."

"కోటు జేబులో ఉంటుంది. వణికితే నాకు తెలుస్తుంది. నీకు కన్ను కొడతానులే."

"వద్దు. కొట్టకు. నేనక్కడే పడిపోతాను."

ఇక రూలోఫ్ గారికి చెప్పాలి. మెట్లెక్కి ఆయన గది దాకా వెళ్ళాను. తలుపు తీసే ఉంది. నన్ను పొగుడుతూ రేపు చదవాల్సిన ప్రసంగం రాసుకుంటున్నారు. డాక్టరేటు చేతికిచ్చాక గురువు శిష్యురాలిని పొగడాలి, అదీ ఆనవాయితీనే. ఆయన వెనక గోడ మీద ఆ నల్ల బొమ్మ చట్రం కట్టి ఉంది, తెల్ల చుక్కతో సహా.

"రా ఆఫ్కె, రా. 'మొండిఘటం' అని రాయనా, 'పట్టుదల గల' అని రాయనా? మీ అమ్మగారు ఏది ఇష్టపడతారు?"

"రూలోఫ్ గారూ..."

"భయపడుతున్నావా?"

"చాలా."

"అందరూ భయపడతారు. నా సమర్థన రోజున నేను బూట్లు కుడిది ఎడమకి, ఎడమది కుడికి తొడుక్కుని వెళ్ళాను. నీకు ఒక్క మాట చెప్తాను. తెలియకపోతే తెలియదని చెప్పు. తెలిసింది మాత్రం దాచకు. అంతే." అని వెనక్కి తిరిగి బొమ్మ వైపు చూశారు. "దీన్ని చూసినప్పుడల్లా నాకు ఇంకా నమ్మకం కలగదు, తెలుసా? నేను పోయేలోగా ఇది పలుకుతుందనుకోలేదు."

నోటి దాకా వచ్చింది. ఆయన కళ్ళు ఇంకా బొమ్మ మీదే ఉన్నాయి. "పట్టుదల గల అనే రాయండి," అని చెప్పి కిందికి వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం సభ. పండితులు రాకముందు అమ్మకు మిగతా బొమ్మలే చూపించాను, చుక్క ఉన్నది తీసేశాను. ముందు వరుసలో అమ్మ, నీలం గౌను, ఒళ్ళో చేతిసంచి. నా పక్కన హార్మెన్ కర్రలా నిలబడ్డాడు. ఎదురుగా నల్ల గౌన్లలో పండితులు, చివర రూలోఫ్ గారు. గురువు ఆ గంటసేపూ నా తరఫున ఒక్క మాటా మాట్లాడకూడదు. అది నియమం. ప్రశ్న వేసేవాళ్ళను నేను "అతి విద్వాంసుడైన ప్రశ్నకర్తా" అని పిలవాలి, నిన్నటిదాకా వాళ్ళతో కలిసి మజ్జిగ తాగుతూ రొట్టె తిన్నా సరే. గంట కాగానే, సభ వేళ చూసే దండధారిణి గజ్జెల కర్రతో తలుపు తీసుకుని వస్తుంది. కర్ర నేలకు కొట్టి లాటిన్‌లో "హోరా ఎస్ట్" అంటుంది, వేళయింది అని. ఆ మాట పడిందంటే ఎంతటి ప్రశ్నయినా అక్కడికక్కడే చచ్చిపోతుంది. జవాబు సగంలో ఉంటే సగంలోనే వదిలేసి తప్పుకోవచ్చు.

నేను దాని కోసమే ఎదురుచూస్తున్నాను. సిగ్గుపడకుండా చెప్తున్నాను. మొదటి మూడు అధ్యాయాల మీద ప్రశ్నలు వచ్చినంతసేపూ సాగదీసి, చుట్టూ తిప్పి, నీళ్ళు తాగి జవాబులు చెప్పాను. నాలుగో అధ్యాయం ఎవరూ ముట్టుకోలేదు.

అప్పుడు పక్కన బుర్రుమంది. హార్మెన్ కోటు జేబు. వాడి చెయ్యి ఉలిక్కిపడి జేబు మీదికి వెళ్ళి ఆగింది. నా వైపు చూడలేదు. వద్దన్నాను గదా, చూడలేదు. బొమ్మ వచ్చేసింది. నాకు జానెడు దూరంలో, ఆ అద్దె కోటు జేబులో నా బతుకుంది.

ఆఖరి ప్రశ్న హెడ్విగ్ గారిది. స్వీడన్ నుంచి వచ్చిన పెద్దావిడ, సన్నటి గొంతు. నా గ్రంథం మెల్లగా తెరిచారు.

"నాలుగో అధ్యాయం. బొమ్మ చాలా బాగుంది. ఒక చిన్న సందేహం, మా ఊళ్ళో అయితే విద్యార్థుల్ని మొట్టమొదట అడిగేదే ఇది. మీరు గురి పక్కకు ఎంత జరిపారు?"

ఆవిడ తెలిసి అడిగారో, తెలియక అడిగారో మొహంలో ఏమీ కనబడలేదు. "అతి విద్వాంసురాలైన ప్రశ్నకర్తా," అన్నాను. గ్లాసు అందుకుని నీళ్ళు తాగాను.

తలుపు తెరుచుకుంది. గజ్జెలు ఘల్లుమన్నాయి. దండధారిణి నడుమ దారిలో నడిచొచ్చి కర్ర నేలకు కొట్టింది.

"హోరా ఎస్ట్."

అందరూ ఊపిరి వదిలారు. కుర్చీలు కదిలాయి. అమ్మ నవ్వుతూ చేతిసంచి తెరిచి రుమాలు తీసుకుంది. హెడ్విగ్ గారు కూడా చిన్నగా నవ్వి గ్రంథం మూశారు. అయిపోయింది, బయటపడ్డాను. ఇక ఎవరూ అడగరు, రేపు అడిగితే ఏదో ఒకటి చెప్పుకోవచ్చు.

అప్పుడు రూలోఫ్ గారిని చూశాను. ఆయన లేవలేదు. కళ్ళు మూసుకుని ఉన్నారు. కుడి చేతి వేళ్ళు బల్ల మీద కదులుతున్నాయి, అంకెలు కొడుతున్నట్టు. ఒకసారి కొట్టి, ఆగి, మళ్ళీ మొదటి నుంచి కొట్టారు. వంటగదిలో ఫ్రిజ్ మీద కొట్టినవే. తరువాత కళ్ళు తెరిచి నన్ను చూశారు. ఆ చూపుకు నేను పడ్డ భయం జన్మలో ఎన్నడూ పడలేదు. ఆయనకు తెలిసిపోయింది. నాకు ముందే తెలుసని కూడా తెలిసిపోయింది.

"నేను జవాబు చెప్తాను," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"వేళయిపోయిందమ్మా," అంది దండధారిణి.

"చెప్తాను. జరపలేదు. అస్సలు జరపలేదు. చుక్క నట్టనడుమ ఉంది. అది తారో యంత్రమో నాకు తెలియదు. నిన్న పొద్దున చూశాను. నాకు భయమేసి ఎవరికీ చెప్పలేదు."

కుర్చీల చప్పుడు ఆగిపోయింది. సభ అధ్యక్షుడు దండధారిణి వైపు, దండధారిణి అధ్యక్షుడి వైపు చూసుకున్నారు. ఇలాంటిదానికి ఆనవాయితీ ఏమీ లేదు. ఈలోగా రూలోఫ్ గారు లేచారు. ఆయన మాట్లాడకూడదు.

"ఆ గురి పెట్టింది నేను. ఈ అమ్మాయి అంకెలు చదివింది, అంతే. జరపాల్సింది నేను."

దండధారిణి కర్ర మళ్ళీ కొట్టింది, ఈసారి గట్టిగా. పండితులంతా వరుసగా బయటికి వెళ్ళారు.

మమ్మల్ని పక్క గదిలో కూర్చోబెట్టారు. అమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఏమైందే? ఏదో పగిలినట్టు అందరూ అలా అయిపోయారేంటి?" అంది. హార్మెన్ ఫోన్ తీసి, తను చూడకుండానే నా చేతికిచ్చాడు.

చుక్క నట్టనడుమ ఉంది. చలికాలంలో ఎంత వెలుగుతో ఉందో అంతే వెలుగు. తార ఉండాల్సిన చోట, పక్కన, నలుపు తప్ప ఏమీ లేదు.

"యంత్రమే," అన్నాడు హార్మెన్, నా భుజం మీదుగా తొంగి చూసి. అద్దె కోటు కాలర్ వదులు చేసుకుని నేల వైపు చూశాడు.

డాక్టరేటు ఇచ్చారు. మిగతా అధ్యాయాలు నిలబడ్డాయనీ, నాలుగోది వెనక్కి తీసుకుంటున్నట్టు నేనే రాసి ప్రకటించాలనీ అధ్యక్షుడు చెప్పాడు. రూలోఫ్ గారు పొగడ్త ప్రసంగం చదవాలి. కాగితాలు తీశారు, చూశారు, మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. "నిన్న నేనేదో రాశాను," అన్నారు. "అందులో ఈ రోజు సంగతి లేదు. కాబట్టి చదవను. డాక్టర్ ఆఫ్కె, నీకు నా అభినందనలు." అంతే. అమ్మ ఒక్కతే ముందుగా చప్పట్లు కొట్టింది, తరువాత అందరూ కొట్టారు.

విందులో ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చారు. తిడితే బాగుండుననుకున్నాను. తిట్టలేదు.

"నిన్న నా గదికి చెప్పడానికే వచ్చావు గదూ?"

"అవునండీ. మీ మొహం చూశాక చెప్పలేకపోయాను."

"హార్మెన్ పొద్దున మళ్ళీ చూశాడట. ఏముంది?"

హార్మెన్ ఫోన్ ఇంకా నా దగ్గరే ఉంది, తీసి ఇచ్చాను. చాలాసేపు చూశారు.

"నడుమ ఉంది."

"అవునండీ."

"మరి దాని చోట?"

"ఏమీ లేదు. ఈరోజు ఏమీ లేదు."

"ఈరోజు," అన్నారాయన.

అప్పుడు నాకు పూర్తిగా తట్టింది. ఇప్పుడది కొన ఊపిరితో ఉంది, పలకకపోవడంలో వింతేమీ లేదు. కానీ చలికాలంలో భగ్గుమన్న ఆ రోజు, యంత్రం చుక్క కిందనే, దాని వెనకే మూగది నిజంగా పలికి ఉండొచ్చు. పలకకపోయీ ఉండొచ్చు. రెండూ ఒకే చోట పడ్డాయి. ఇక వాటిని ఎవరూ విడదీయలేరు. ఆ రోజు మళ్ళీ రాదు. ఇరవై ఆరేళ్ళు కాచుకున్న మనిషికి అది పలికిందో లేదో ఎప్పటికీ తెలియదు.

"మళ్ళీ ఇంతకాలం పడితే నాకు తొంభై రెండు," అన్నారు ఆయన, నవ్వడానికి చూస్తూ. "అప్పుడు గురి నువ్వు పెట్టు. నన్ను మాత్రం వంటగదిలోకి రానివ్వకు."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఆయన ఆ ఫోన్ నాకు తిరిగి ఇవ్వలేదు. చుక్కను వదిలేసి, దాని పక్కనున్న నల్లటి చోటును రెండు వేళ్ళతో పెద్దది చేసుకుంటూ, ఇంకా పెద్దది చేసుకుంటూ అక్కడే నిలబడ్డారు.